కుడివైపుకు వెళ్లిన జేబులు

ముందుగా నా రాతను మన్నించండి. ఈ కాసిని కాగితాలు నింపడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. అన్ని రోజుల్లో అయితే పాతిక చొక్కాలు కుట్టి, బొత్తాలకు కాజాలు తీసి, ఇస్త్రీ కూడా చేసి ఇచ్చేదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ మా కోడలు దిద్దింది. ఆమె దిద్దాక కూడా తప్పులు కనిపిస్తే అవి నావే. ఆమె చూడకుండా ఆఖర్లో మళ్లీ చేయి పెట్టి ఉంటాను.

ఇంటర్‌నెట్‌లో దొరికేవాటితో పాఠాలు ఎలా చెబుతున్నారో తలా ఒక వ్యాసం రాసివ్వమని మా పెద్దమేడం, అంటే హెడ్‌మిస్ట్రెస్, టీచర్లందరినీ అడిగారు. మిగతావాళ్లు తాము చేసిన మంచి పనులు రాశారు. నేను నా నిర్వాకం రాస్తున్నాను.

మా ఆయన దర్జీ. కొట్లో కత్తిరింపు ఆయనది, కుట్టు నాది. కొలతలు తీసి పుస్తకంలో రాసేది కూడా ఆయనే. అంకెలు నాకొదిలెయ్, నువ్వు కుట్టు చూసుకో అనేవారు. నలభై ఏళ్లు అలాగే వదిలేశాను. ఆయన పోయాక ఆ పుస్తకం తెరిస్తే, ఊళ్లో సగం మంది ఛాతీలూ భుజాలూ అందులో ఉన్నాయి. ఏది ఎవరిదో నాకు ఒక్కటీ తెలియలేదు. అరవై ఒకటో ఏట, లైబ్రరీలో సాయంత్రాలు పెద్దవాళ్లకు చెప్పే క్లాసులో చేరాను. మొదట అంకెలు, తర్వాత అక్షరాలు. రెండేళ్లకు దుకాణాల బోర్డులు చదవడం వచ్చింది. బస్సుల బోర్డులు మాత్రం ఇప్పటికీ కష్టమే. నేను సగం చదివేసరికి బస్సు వెళ్లిపోతుంది.

అప్పుడే ఈ స్కూల్లో కుట్టు నేర్పే ఆమె మానేసింది. నా చేతిపని తెలిసినవాళ్లెవరో నా పేరు చెప్పారు. దరఖాస్తు మా కోడలు నింపింది. చదవడం, రాయడం వచ్చా అని అడిగినచోట ‘వచ్చు’ అని రాసింది. అబద్ధం కాదు. ఎంతసేపట్లో అని వాళ్లు అడగలేదు.

పెద్దమేడం మొదటే చెప్పారు, క్లాసు ఒక్క ఏడాదికేనని. తొమ్మిదో తరగతి పిల్లలు పద్నాలుగు మంది. స్కూలు బ్యాండువాళ్లకి ఆటల పోటీల రోజుకు ఈ పిల్లల చేత పన్నెండు చొక్కాలు కుట్టించాలి. అవి వేసుకుని నలుగురిలో నిలబడేలా ఉంటే క్లాసు కొనసాగుతుంది. లేకపోతే మిషన్లు తీసేసి ఆ గదిలో విరిగిన బెంచీలు పెడతారు. అంటే నాకూ విరిగిన బెంచీలకూ పోటీ. ఎవరు గెలుస్తారో నాకే నమ్మకం లేదు.

కానీ ఆ క్లాసు నాకు కావాలి. మా ఆయన పోయాక, ఇది సరిగ్గా వచ్చిందా అని నా ముందు గుడ్డ పట్టుకుని అడిగినవాళ్లు లేరు. ఇక్కడ పద్నాలుగు మంది రోజుకు పద్నాలుగుసార్లు అడుగుతారు.

మొదటి రోజు బోర్డు మీద ‘భుజం కొలత’ అని రాయబోయాను. ‘భుజం’ పూర్తయ్యేసరికి వెనక బెంచీలో ఒకడు నిద్రలోకి జారుకున్నాడు. కొలతను మర్నాటికి వాయిదా వేశాను. నాకు అక్షరాలు కొత్తని పిల్లలకు తెలిస్తే, వాళ్ల నోటి నుంచి పెద్దమేడం చెవిదాకా వెళ్లడానికి ఒక మధ్యాహ్నం చాలు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, నేను బోర్డు వైపు చూడకుండా పాఠం చెప్పడం మొదలుపెట్టాను.

నన్ను కాపాడింది కంప్యూటర్ సారు. ఆ గదిలో గోడకు పెద్ద తెర ఉంది. టైపు చేయనక్కర్లేదమ్మా, ఈ మైకు గుర్తు నొక్కి కావలసింది పలకండి చాలు అని ఆయన చూపించాడు. కాలరు అంటే కాలరు వచ్చింది, కాజా అంటే కాజా వచ్చింది. ఏయే దేశాల దర్జీలో మా గోడ మీదకు వచ్చి కుట్టి చూపించి వెళ్లేవాళ్లు. వాళ్ల మాట మాకు తెలియదు, చేతులు తెలుసు. ఒకరోజు కదిలే బొమ్మ ఒకటి దొరికింది. మిషన్‌లో పైదారం కిందికి దిగి బాబిన్ దారాన్ని ఎలా చుట్టి లాక్కొస్తుందో, సూది దిగే ఇనుప పలక కింద జరిగేదంతా అందులో కనిపిస్తుంది. వేగం తగ్గించి పెట్టాను. పిల్లలు నోరు తెరిచి చూశారు. నేను అంతకంటే పెద్దగా తెరిచాను. నలభై ఏళ్లు ఆ పలక మీదే చేతులు పెట్టి కూర్చున్నాను, కింద ఏం జరుగుతోందో అప్పుడే చూశాను. మర్నాటి నుంచి దారం తెగితే పిల్లలు నన్ను పిలవడం మానేసి వాళ్లే బాబిన్ తీసి చూసుకునేవాళ్లు.

ప్రశ్నల ఆట ఒకటి కూడా నేర్పాడు కంప్యూటర్ సారు. నేను రెండు కుట్ల ఫొటోలో, ఆడ మగ చొక్కాల ఫొటోలో పెడితే, ఏది సరైనదో పిల్లలు స్కూలు ట్యాబ్‌లలో నొక్కుతారు. ప్రశ్నల్లో ఒక్క మాట ఉండదు, అన్నీ బొమ్మలే. రాయలేక చేసిన పని అది. పెద్దమేడానికి మాత్రం తెగ నచ్చింది. టీచర్ల మీటింగులో నన్ను నిలబెట్టి, ఈ వయసులో ఈమె సుద్దముక్క ముట్టకుండా పాఠం చెబుతున్నారు, మీకేం రోగం అని అందరినీ చివాట్లు పెట్టారు. నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను. అణకువ అనుకున్నారు.

ఇక నాకు కొమ్ములొచ్చాయి. ఎవరివో వీడియోలు ఎందుకు, నావే తీద్దామనుకున్నాను. జేబు, బొత్తాల పట్టీ చొక్కాలో ముఖ్యమైనవి. మగపిల్లల చొక్కాకు కాజాల పట్టీ ఎడమవైపు, జేబు కూడా ఎడమవైపు. ఇంట్లో బల్ల మీద ఒక చొక్కా ముక్కలు పరిచాను. పిల్లలు పొరబడకుండా ‘ఎడమ’, ‘కుడి’ అని చీటీలు రాసి వాటికి గుచ్చాను. ఆ రెండు మాటలూ నా అంతట నేనే రాశాను, కోడలికి కూడా చూపించలేదు. ఫోనును దారాల పెట్టెకు ఆనించి, తెర నావైపు ఉండేలా పెట్టుకున్నాను. అప్పుడే కదా చేతులు కనబడుతున్నాయో లేదో తెలిసేది. మాట్లాడకుండా చేతులతోనే కుట్టి చూపించాను. అంతా అయ్యాక ఫోను ఏదో అడిగింది. రెండు వరసల ప్రశ్న, కింద రెండు బొత్తాలు. చదవడం మొదలుపెట్టాను. మొదటి వరస సగంలో ఉండగా కోడలు వస్తున్న అలికిడి అయింది. పెద్దగా ఉన్న బొత్తాం నొక్కేశాను.

మర్నాడు ఆ వీడియో చూసుకుంటే చీటీల మీద అక్షరాలు నాకు తెలియలేదు. నేను రాసినవే, ఒక్కటీ పోల్చుకోలేకపోయాను. నేర్చుకున్నదంతా పోయిందనుకున్నాను. వయసు మీద పడ్డాక వచ్చిన చదువు, వచ్చినట్టే పోతుంది కాబోలు అనుకున్నాను. ఎవరినైనా అడుగుదామంటే సిగ్గు. నోరు మూసుకుని వీడియోను పిల్లల ట్యాబ్‌లలోకి పంపించేశాను.

ఆ వారమే నాకు జ్వరం వచ్చింది. ఎనిమిది రోజులు మంచం దిగలేదు. పిల్లలు వీడియో చూసి వాళ్లంతట వాళ్లే జేబులూ పట్టీలూ కుట్టేశారని పెద్దమేడం ఫోన్ చేసి చెప్పారు. టీచరు లేకుండా క్లాసు నడిచిన స్కూలు మనదేనట. ఆ మాటకు సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

తిరిగి వెళ్లేసరికి ఆటల పోటీలకు ఇంకా పది రోజులే ఉన్నాయి. పన్నెండు చొక్కాలు బల్ల మీద వరసగా పరిచి ఉన్నాయి. కాలర్లు ఎక్కించాలి, కాజాలు తీయాలి. కుట్టు ఎంత తిన్నగా ఉందంటే నేనే కుట్టాననుకోవచ్చు. ఒక్కటే తేడా. పన్నెండు జేబులూ కుడివైపున ఉన్నాయి. కాజాల పట్టీలూ అటే.

క్లాసులో ప్రతిదానికీ వాదించే పిల్ల ఒకతె ఉంది. అందరూ ఆమెను లాయరు అంటారు.

“జేబులు ఎటువైపు పెట్టారమ్మా?” అన్నాను.

“మీరు పెట్టమన్నవైపే, టీచర్.”

“నేను చూపించింది ఎడమవైపు కదా.”

“వీడియోలో ఇటే ఉంది. ఆపి ఆపి పదిసార్లు చూశాం. కావాలంటే ఇప్పుడే పెడతా.”

పెట్టింది. తెర మీద నేను కుడివైపు జేబు కుడుతున్నాను. అంతకంటే వింత, ఎడమచేత్తో కత్తెర పట్టుకున్నాను. నా జన్మలో ఎడమచేత్తో కత్తెర పట్టింది లేదు.

కంప్యూటర్ సారును పిలిపించాం. ఆయన ఒక్క చూపు చూసి నవ్వాడు. ముందువైపు కెమెరాతో తీస్తే అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారతాయట. అలాగే ఉంచాలా, సరిచేయాలా అని ఫోను ఆఖర్న అడుగుతుందట. అడిగింది మరి.

“సరే, చీటీల మీద అక్షరాలు కూడా తిరగబడ్డాయి కదా. మీరెవరూ చూడలేదా?” అని ఆయన పిల్లల్ని అడిగాడు.

“చూశాం సార్,” అంది లాయరు. “టీచర్ ఎప్పుడూ వేరే దేశాల వీడియోలు చూపిస్తారు కదా, ఇదీ ఆ భాషేమో అనుకున్నాం.”

“వీడియోలో ఉన్నది మీ టీచరే కదమ్మా.”

“టీచర్‌కి చాలా భాషలు వచ్చనుకున్నాం సార్.”

మీరూ చూసుకోలేదా అన్నట్టు ఆయన నావైపు తిరిగాడు. కళ్లజోడు పెట్టుకోలేదని చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ లాయరు చేతిలో చొక్కా ఉంది. పదిసార్లు ఆపి చూసి చేసిన పని తప్పయిందని, ఆ జేబు అంచును గోటితో గీకుతోంది. నేను అబద్ధమాడితే తప్పు ఆ చేతులదే అవుతుంది.

“నాకు అక్షరాలు వచ్చి మూడేళ్లే అయింది,” అన్నాను. “అవి అలా కనబడితే, మళ్లీ మర్చిపోయాననుకున్నాను. ఎవరినైనా అడగాలంటే సిగ్గేసింది. మీ కుట్టులో తప్పు లేదు.”

వెనక బెంచీవాడు, ఆ రోజు భుజం అంతసేపు రాసింది అందుకేనా టీచర్ అని అడిగాడు. అందుకే అన్నాను. మీరు అక్షరాలు అందంగా రావాలని అలా రాస్తున్నారనుకున్నాను అన్నాడు. వాడు నిద్రపోయిన సంగతి నేను గుర్తుచేయలేదు.

పెద్దమేడానికి నేనే వెళ్లి చెప్పాను. ఆమె కోపం వేరే దారి పట్టింది. మిమ్మల్ని చూపించి అందరినీ తిట్టాను, ఇప్పుడు వాళ్ల మొహాలు ఎలా చూడమంటారు అన్నారు. ఆ తర్వాత అసలు మాట అన్నారు.

“మాట మాటే. చొక్కాలు ఆ రోజుకు వేసుకునేలా ఉండాలి. లేకపోతే క్లాసు లేదు. మీకు చదువు ఎంత వచ్చన్నది ఇప్పుడు లెక్కలోకి రాదు, చొక్కాలు వస్తాయి.”

తిరిగొచ్చి చొక్కాల ముందు కూర్చున్నాను. పన్నెండూ విప్పితే పది రోజులు చాలవు. అప్పుడు లాయరు లేచి, బ్యాండులో ఆడపిల్లలు ఎంతమంది అని అడిగింది. ఏడుగురు. ఆడవాళ్ల చొక్కాకు కాజాలు కుడివైపే కదా టీచర్, మీరే ప్రశ్నల ఆటలో పెట్టారు అంది. నేను పెట్టిన ప్రశ్నే, నాకు తట్టలేదు. అంటే ఏడు చొక్కాలు తప్పుగా కుట్టడం వల్ల సరిగ్గా వచ్చాయి. విప్పాల్సింది ఐదే.

రెండువైపులా గుడ్డ సమానంగా వదిలి కత్తిరించడం మా ఆయన అలవాటు. అదే నాకూ అబ్బింది. కాబట్టి పట్టీలు మడత మార్చడానికి కుదిరింది. పద్నాలుగు మందీ కూర్చుని సూది మొనతో కుట్లు విప్పారు. జేబు విప్పినచోట చిల్లులు కనబడకుండా తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేశాం. నాలుగు చొక్కాలకు కలిసిపోయాయి. ఐదోదానికి ఎంత చేసినా సన్నటి చుక్కల వరస మిగిలింది.

ఆటల పోటీల రోజున బ్యాండు నిలబడకముందే పెద్దమేడం ఒక్కొక్క కాలరూ పట్టుకుని చూశారు. ఐదో చొక్కా దగ్గర ఆగి చుక్కల మీద వేలు పెట్టారు. విప్పిన గుర్తు మేడం, నా తప్పు అన్నాను. ఆమె ఆ పిల్లవాడిని చేతులు పైకెత్తమన్నారు, వంగమన్నారు, బూర ఊదమన్నారు. ఎక్కడా పిగల్లేదు. ముందుకు వెళ్లిపోయారు. ఆడపిల్లల జేబు ఒకవైపు, మగపిల్లల జేబు ఒకవైపు ఉండటం చూసి, అతిథిగా వచ్చినాయన ఈ ఆలోచన ఎవరిదని అడిగారట. ఫోనుదని చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

సోమవారం నోటీసు బోర్డు మీద వచ్చే ఏడాది టైంటేబుల్ పెట్టారు. నేనే చదువుకుందామని దాని ముందు నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానంటే ఆఫీసు ఆయా వచ్చి, ఒంట్లో బాగాలేదా అక్కా, కుర్చీ తేనా అంది. అప్పటికి ‘కుట్టు’ దగ్గరికి వచ్చాను. దాని పక్కన ‘వారానికి మూడు పీరియడ్లు’ అని ఉంది. కుర్చీ వద్దన్నాను.

జేబు పాఠం మళ్లీ తీశాం. ఈసారి కెమెరా లాయరు పట్టుకుంది. చీటీలు పిల్లలు రాశారు, వాటిని నేను పైకి చదివాను. కంప్యూటర్ సారు దాన్ని ఇంటర్‌నెట్‌లో పెట్టాడు. ఇతర స్కూళ్లవాళ్లు చూస్తున్నారు. ఎవరో కింద ఒక మాట రాశారు, దాన్ని చదవడానికి నాకు ఒక పూట పట్టింది. పాఠం బాగుంది కానీ టీచరు గారు ఎందుకు అంత నిదానంగా చదువుతున్నారని. లాయరు అప్పటికే జవాబు పెట్టేసింది: మా టీచర్ అరవై ఒకటో ఏట చదువు మొదలుపెట్టారు, మీకు తొందరగా ఉంటే వేగం పెంచుకుని చూడండి అని.

వేగం రెండింతలు చేసి నేనూ చూశాను. గొప్ప పండితురాలిలా ఉన్నాను.

ఇట్లు,
పిల్లలు కుట్టు టీచరమ్మ అని పిలిచే నేను,
వయసు అరవై ఐదు,
ఇప్పుడుండేది స్కూలు వెనక వీధిలో, కొడుకు, కోడలి ఇంట్లో, మిషన్ పట్టే ముందు గదిలో.