సుబ్బులమ్మకు ఆపిల్ వెన్న

పాకాలలో జబ్బుమనిషిని చూడడానికి ఉత్తచేతులతో పోయేవాళ్ళు ఎవరూ లేరు. పోయేవాళ్ళెవరూ ఆపిల్ తప్ప ఇంకోటి పట్టుకుపోరు. ఒంట్లో బాగున్నవాళ్ళు ఆపిల్ కొనుక్కుని తినడం వసంతమ్మ తన ముప్ఫైనాలుగేళ్ళ బతుకులో చూడలేదు. అది రోగుల పండు, అంతే. అందుకే ఆమె అత్త సుబ్బులమ్మ నీళ్ళతొట్టి దగ్గర జారిపడి, తొడ ఎముక విరగ్గొట్టుకుని, పుత్తూరు కట్టు కట్టించుకుని రైల్వే క్వార్టర్సుకు వచ్చిన తొమ్మిది రోజుల్లో ఇంట్లో నలభైమూడు ఆపిల్ పండ్లు చేరాయి. బియ్యం డబ్బా మీద ఆపిళ్ళు, రేడియో పక్కన ఆపిళ్ళు, దేవుడి పటాల ముందర కూడా ఆపిళ్ళే. సుబ్బులమ్మ నోట్లో మిగిలినవి మాత్రం మూడే పళ్ళు. ఆ మూడూ ఒకదానికొకటి ఎదురుపడవు.

సరే, ఆపిళ్ళ సంగతి అటుంచండి. అసలు గొడవేమంటే సుబ్బులమ్మ అన్నం తినడం మానేసింది. రాగిజావ కాచి తెస్తే రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కకు తోసేస్తుంది. పప్పుచారన్నం గుజ్జుగా పిసికి పెడితే నోరు చేదంటుంది. పాలల్లో ఇడ్లీ నానబెట్టి పెడితే ఆకలి లేదంటుంది. ఏంది అత్తా అంటే ఏమీ లేదంటుంది. వసంతమ్మకు పొద్దున లేచింది మొదలు పొయ్యి దగ్గరే సరిపోతోంది, చేసిందంతా మాత్రం వీధి కుక్కల పాలవుతోంది.

నిన్న డాక్టరు వచ్చి, ముసలామె కళ్ళ కింద లాగి చూసి, వసంతమ్మను వరండాలోకి పిలిచాడు. "ఎముక అతుక్కోవాలంటే ఒంట్లో సత్తువ ఉండాలమ్మా. ఇట్లా కడుపు మాడ్చుకుంటే ఈమె కట్టు విప్పేదాకా ఉండదు" అని మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఈ మాట విని వసంతమ్మ మొగుడు ఆదిమూలం తల గోక్కున్నాడు. "నువ్వే ఏందన్నా చెయ్యి వసంతా, నీ చేత్తో చేస్తే తింటాదిలే" అని చెప్పి, టోపీ పెట్టుకుని పార్సిల్ ఆఫీసుకు వెళ్ళిపోయాడు. తొమ్మిది రోజులుగా ఆమె చేత్తోనే కదా చేస్తోంది! కాలితో చేసిందా?

ఇవాళ పొద్దున్నే ఐరాల నుంచి సుబ్బులమ్మ తమ్ముడు కుప్పయ్య బస్సు దిగి వచ్చాడు. ఒక చేతిలో బెల్లం అచ్చు, ఇంకో చేతిలో ఆరు ఆపిళ్ళు. వాటిని చూడగానే వసంతమ్మకు ఒళ్ళు మండింది.

"చిన్నాయనా, మీ తోటలో బొప్పాయిలు రాలి పోతా ఉంటాయి గదా. మెత్తంగా ఉండేది ఒకటన్నా తేగూడదా?"

"రోగం సూసేదానికి వచ్చి బొప్పాయి తెస్తారా మే? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు కుప్పయ్య, తనకేదో అవమానం జరిగినట్టు. బియ్యం డబ్బా మీది పండ్లను ఒక్కొక్కటే నొక్కి చూశాడు. "ఇవి మెత్తబడి పోతా ఉండాయి సూడు. ఏందన్నా చెయ్యగూడదా?"

ఏందన్నా చెయ్యి. ఏందన్నా చెయ్యి. ఇంట్లో మగవాళ్ళందరికీ ఒకటే మాట. కానీ పండ్లు మెత్తబడుతున్న మాట నిజమే. వసంతమ్మ పక్క క్వార్టర్లోని రంజాన్‌బీని గోడ మీదుగా పిలిచింది. రంజాన్‌బీ మొగుడు లాల్ బాషా ఇంజన్ డ్రైవరు. గూడూరులో ఉన్నప్పుడు పక్కింటి ఆంగ్లో ఇండియన్ గార్డు పెళ్ళాం దగ్గర రంజాన్‌బీ నానా రకాల వంటలు నేర్చుకుంది.

"ఆపిళ్ళతో మెత్తంగా ఒకటి చేస్తారు, దాన్ని ఆపిల్ వెన్న అంటారక్కా" అంది రంజాన్‌బీ.

"వెన్న ఎంత వెయ్యాల?"

"వెన్న వెయ్యరు."

"వెయ్యకుండా వెన్న ఎట్లయితాది?"

"నన్నడిగితే? ఆయమ్మ అట్లే అనేది. ఉడకబెట్టి, చెక్క, లవంగం ఏసి, చిక్కబడేదాకా కలబెట్టాల. వెన్న మాదిరి నాలిక మీద జారిపోతాది. నోట్లో పండ్లు లేనోళ్ళకు శానా బాగుంటాది. కాకపోతే మూడు గంటలు పడతాది."

"మూడు గంటలా! ఇంగ నేను బతికినట్టే."

"కుక్కర్లో పెట్టు. నాలుగు విజిల్లకు గుజ్జైపోతాది" అంది రంజాన్‌బీ, తనెన్నడూ పెట్టి చూడకపోయినా.

వసంతమ్మ పాతిక ఆపిళ్ళు చెక్కుతీసి, ముక్కలు కోసి, కుక్కరు నిండా కుక్కింది. మళ్ళీ మళ్ళీ ఎవరు చేస్తారు, ఒక్క దెబ్బతో వదిలించుకుందామని. పండులో నీళ్ళు ఉంటాయి కదాని చుక్క నీళ్ళు పోయలేదు. మూత బిగించి స్టవ్ మీద పెట్టింది. ఇంతలో వీధి కొళాయికి నీళ్ళు వచ్చాయని కేక వినబడింది. ఆ నీళ్ళు గంటసేపే వస్తాయి, తప్పితే రేప్పొద్దున్నే.

"అత్తా, పండుకోనే ఉండావు గదా, విజిల్లు లెక్కబెట్టు. నాలుగైతే చెప్పు" అని ముసలామెకు పని అప్పజెప్పి, బిందెలు ఎత్తుకుని పరుగెత్తింది.

మొదటి బిందె తెచ్చేసరికి "ఒకటైంది మే" అంది సుబ్బులమ్మ. మూడో బిందెకు "రెండు." స్టేషన్లో బొగ్గు ఇంజను గట్టిగా కూసింది. "అది కాదు, అది ధర్మవరం బండి" అని కుప్పయ్య సర్దిచెప్పాడు. అయిదో బిందె దించేటప్పటికి "మూడు" అంది. ఇంకొక్కటే కదాని వసంతమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని గడపలో కూర్చుంది.

నాలుగోది రాలేదు. అంతకన్నా పెద్దదే వచ్చింది. దబ్బుమని చప్పుడై, మూత మీది సీసం బిళ్ళ ఎగిరిపోయి, ఆపిల్ గుజ్జు జివ్వున ఇంటి పైకప్పు దాకా లేచింది. కుప్పయ్య "అబ్బా, సచ్చితిమి!" అని చెప్పులు కూడా వదిలేసి వీధిలోకి దూకాడు. సుబ్బులమ్మ మంచం మీది నుంచి కదల్లేక దుప్పటి తల మీదికి లాక్కుంది. వసంతమ్మ గోడకు అంటుకుపోయి చేయి చాచి స్టవ్ ఆర్పింది. ఎవరికీ ఏమీ కాలేదు. పైకప్పుకే అయింది.

రంజాన్‌బీ పరుగెత్తుకొచ్చింది. "ఏమైందక్కా? నేనిప్పుడే పప్పు దించినా, మూడు విజిల్లకు..." అని మధ్యలో ఆగిపోయింది.

వసంతమ్మ అత్త వైపు తిరిగింది. మూడు విజిల్లూ పక్కింటి పప్పువి! ఇంట్లో కుక్కరు ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. నురుగొచ్చి దాని గొట్టం ఎప్పుడో పూడుకుపోయింది.

"నాకేం తెలుసు మే, గోడకు ఈతట్టు కూసిందో ఆతట్టు కూసిందో" అంది దుప్పట్లోంచి సుబ్బులమ్మ.

వసంతమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఏడవడానికి తీరిక కూడా లేదు. బొట్లుబొట్లుగా కారుతున్న పైకప్పును అట్లే వదిలేసి, రంజాన్‌బీ కుక్కరు అడిగి తెచ్చుకుంది. ఈసారి ఎనిమిదే పండ్లు. సగానికే నింపి, గ్లాసుడు నీళ్ళు పోసి, పక్కనే పీట వేసుకుని కూర్చుంది. పక్కింటి కుక్కరు తన పొయ్యి మీదే ఉంది కాబట్టి గోడకు ఆతట్టు కూసేది ఈసారి ఏదీ లేదు. అయినా నాలుగు విజిల్లూ వేళ్ళ మీద తనే లెక్కబెట్టింది. ఆవిరి పోయాక గుజ్జును జల్లెడలో రుద్ది, కుప్పయ్య తెచ్చిన బెల్లం కొట్టి వేసి, చెక్క, లవంగం పొడి చల్లి, సన్నసెగ మీద కలుపుతూ కూర్చుంది. అది కుతకుతలాడి చేతుల మీద చిట్లింది. నాలుగు చోట్ల బొబ్బలు లేచాయి. చివరికి గుజ్జు ఎర్రటి చింతపండు రంగుకు తిరిగి గరిటెకు అంటుకుంది. వాసనకు కుప్పయ్య వీధిలోంచి లోపలికి వచ్చాడు. అరచేతిలో కాస్త పెట్టించుకుని నాకి, మారుమాట లేకుండా మళ్ళీ చేయి చాపాడు. వసంతమ్మ ఆయన్ను వరండాలోకి తరిమేసింది.

గిన్నెలో వేసి చల్లార్చి, మంచం పక్కన కూర్చుని ఒక చెంచా నోట్లో పెట్టింది. సుబ్బులమ్మ చప్పరించింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"చెక్క ఏసినావా?"

"ఏసినా. ఇంకో చెంచా తీసుకో."

రెండోది తీసుకుంది. మూడోది తనే మెడ చాచి అందుకుంది. పెదవి మీద అంటుకున్నది కూడా నాలుకతో తుడుచుకుంది. వసంతమ్మకు ప్రాణం లేచొచ్చింది. నాలుగో చెంచా ఎత్తేసరికి ముసలామె నోరు టక్కున మూసుకుంది. మొహం గోడవైపు తిప్పుకుంది.

"చాల్లేమ్మా. ఆకలి కాలా."

అంతే, తొమ్మిది రోజులుగా లోపల అణిగి ఉన్నదంతా ఒక్కసారిగా పైకి లేచింది.

"ఆకలి కాలేదా? పెదాలు నాకినావు, నేను సూసినా! నా మీద ఏం పగ అత్తా నీకు? కొట్టుకున్నామా, తిట్టుకున్నామా? సూడు నా చేతులు! నువ్వు పోతే లోకమంతా ఏమంటాది, కోడలు కూడు పెట్టక సంపేసిందని గదా అంటాది! నోరు తెరువు. తెరవకపోతే ఈ గిన్నె నా నెత్తిన కొట్టుకుంటా."

సుబ్బులమ్మ గోడవైపు నుంచి తిరగకుండానే మెల్లగా అంది.

"తింటే ఊరికే ఉంటాదా మే కడుపు? దొడ్డికి పెట్టే ఆ బేసిన్ నువ్వే గదా ఎత్తాల. మొదటిరోజు ఎత్తినప్పుడు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటివి. నేను సూస్తా ఉండా. నా పెద్దకోడలివి, ఇంటి మహాలక్ష్మివి, నీతో అట్లాటి పని సేయించుకునే ఖర్మ పట్టె గదా అనుకున్యా. తినకుంటే నీకు ఆ బాధ తప్పుతాది."

 కొంగు పెట్టుకున్నట్టు వసంతమ్మకే గుర్తులేదు. అనుకోకుండా చేయి పైకి పోయి ఉంటుంది. ఆ ఒక్క క్షణానికి ఈ ముసలిది తొమ్మిది రోజులు ఎండిందా!  ఆ వెంటనే ఇంకా కోపం వచ్చింది, తన మీదో ఆమె మీదో తెలియని కోపం. కళ్ళలో నీళ్ళు బొటబొటా కారిపోతున్నా గొంతు మాత్రం తగ్గించలేదు.

"కంపు కొడితే ముక్కు మూసుకోక మల్లెపూలు పెట్టుకోమంటావా? నా పిలకాయలవి ఎత్తేటప్పుడు కూడా మూసుకున్నా. వాళ్ళేమన్నా పాలు తాగేది మానేసినారా? అప్పుడు పక్కనుండి కడిగింది ఎవురు? నువ్వు గాదా? నువ్వు మూసుకోలేదా ముక్కు?"

సుబ్బులమ్మ ఆలోచించింది.

"మూసుకున్యా. నీ పెద్దోనిదైతే మరీ ఘోరం" అంది.

"మరి?"

 ముసలామె చేయి చాచి గిన్నె తనే లాక్కుంది. చెంచా కూడా అక్కర్లేదంది. వేలితో తీసుకుని, అడుగంటా నాకి, ఇంకొంచెం ఉందా అని అడిగింది. వసంతమ్మ రెండో గిన్నె తెచ్చింది. కుప్పయ్య కిటికీలోంచి తొంగిచూసి, తనకేమైనా మిగిలిందా అని అడిగితే, ఇద్దరూ కలిసే కసిరారు.

మూడున్నరకు ముసలామె కేక పెట్టింది. ఎదురు వరసలోని క్వార్టర్ల దాకా వినబడింది. వసంతమ్మ బేసిన్ తీసుకుని పరుగెత్తింది. పని అయ్యాక దాన్ని ఎత్తుతూ, అత్త కళ్ళలోకి చూస్తూనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"మూసుకుంటా ఉండా. ఏమన్నా అనుకుంటే ఇప్పుడే అను."

"మూసుకో మే, గట్టిగా మూసుకో" అంటూ సుబ్బులమ్మ కూడా తన కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది.