మూడో గేరులో కూత

బెజవాడలో లారీలున్న వాళ్లంతా ఏసుపాదం మేస్త్రీకి చెవి ఉందనేవారు. చెవులు ఎవరికి లేవూ అనకండి. భవానీపురం దారిలో ఉన్న ఆయన రేకుల షెడ్డు వైపు లారీ మలుపు తిరుగుతుంటేనే, బల్ల మీద నుంచి లేవకుండా "వెనక బేరింగు పోయింది దానికి, పక్కకి తిప్పి పెట్టండి" అనేవాడు. డ్రైవరు దిగి నోరు తెరవకముందే రోగం తేలిపోయేది. మరీ అంతుచిక్కని చప్పుడైతే మూరెడు టేకుకర్ర తీసేవాడు. ఒక కొస గేరుపెట్టె మీద ఆనించి, రెండో కొస చెవి వెనక ఎముకకి నొక్కుకుని కళ్లు మూసుకునేవాడు. కళ్లు తెరిచి ఏం చెబితే అదే.

ఆ చెవే ఆయనకి 'గారు' తెచ్చిపెట్టింది. ఇది తేలిగ్గా తీసిపారేసే సంగతి కాదు. ఏసుపాదం తండ్రి కంకిపాడు పొలాల్లో పాలేరు. ఊరికి ఎడంగా ఉన్న పేటలో పుట్టి, ఊళ్లో ఒక్క అరుగు కూడా ఎక్కకుండా, అరేయ్ అంటే పలుకుతూ బతికి పోయాడు ఆ ముసలాయన. ఆయన్ని అలా పిలిచిన ఇళ్ల వాళ్లే లారీలు కొన్నాక, "ఏసుపాదంగారూ, కాస్త మీరొకసారి చూడండి" అంటూ షెడ్డు ముందు ఎండలో నిలబడేవాళ్లు. ఏసుపాదం బైబిలు చదువుకునేవాడే, గర్వం పాపమని తెలిసినవాడే. అయినా ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా లోపల చల్లగా ఉండేది. నన్నడిగితే అందులో తప్పేం లేదు.

షెడ్డులో ఒక మర్యాద ఉండేది. తప్పు ఎక్కడుందో పనివాళ్లు చెప్పకూడదు, అడగాలి. "ఇది క్లచ్చి చప్పుడు" అని ఎవడన్నా అన్నాడో, "ఓహో, నువ్వెప్పుడు మేస్త్రీవయ్యావురా?" అని మిగతావాళ్లే వాడి దుమ్ము దులిపేవాళ్లు. "క్లచ్చేనంటారా మేస్త్రీగారూ?" అనాలి. ఆయన కాసేపాగి "ఆఁ, క్లచ్చే" అనాలి. అప్పుడు స్పానరు ముట్టుకోవాలి. ఈ మర్యాద అందరికంటే బాగా ఒంటబట్టినవాడు బసవయ్య. పదేళ్లుగా మేస్త్రీ కుడిచెయ్యి. ట్రయలుకి వెళితే మేస్త్రీ పక్కన బసవయ్య కూర్చోవలసిందే. యుద్ధంలో ఏసుపాదం నాలుగేళ్లు మిలిటరీ వర్కుషాపులో రేకులు బాదే పని చేసి వచ్చాక మరీనూ, బసవయ్య ఆయన్ని ఒంటరిగా బండెక్కనిచ్చేవాడు కాదు.

యుద్ధం ముగిసిన మూడో ఏడు, వరికోతల రోజుల్లో, కోటిలింగంగారి బండి వచ్చింది షెడ్డుకి. కోటిలింగం బట్టల వర్తకుడు. పామర్రు చుట్టుపక్కల మగ్గాల మీద నేసిన చీరలూ పంచెలూ మూటలు కట్టించి బెజవాడ కొట్టుకి తెచ్చుకుంటాడు. మిలిటరీ వాళ్లు అమ్మేసిన చిన్న లారీ ఒకటి కొని, పెట్రోలు కూపన్ల బాధ పడలేక, దానికి డీజిలు ఇంజను ఎక్కించాడు. అక్కడే వచ్చింది చిక్కు. డీజిలు కుదుపుకి గేరుపెట్టెలో పళ్లు ఒకదాన్నొకటి గుద్దుకుని అరిగిపోయాయి. మూడో గేరు వేస్తే చాలు, సన్నటి కూత అందుకునేది. మామూలు కూతా అది! చెవిలో సూది దింపినట్టుండేది. బందరు కాలవ గట్టు మీద దాన్ని వింటే ఎడ్లు బెదిరిపోయేవి. రెండు బళ్లు ఒరిగాయి కూడా. "ఈసారి కూసుకుంటా వచ్చిందంటే బండిని కాలవలోకి తోసేస్తాం" అని కంకిపాడు రైతులు తెగేసి చెప్పారు.

"నేను మద్రాసు పోతన్నానండి ఏసుపాదంగారూ. నూలు పర్మిట్టు పని. కూత పోయిందని మీరు చెబితేనే మా పాండురంగయ్య బండి తీస్తాడు. మీ మాటే నాకు మాట" అన్నాడు కోటిలింగం.

సరిగ్గా ఆ వారమే అవనిగడ్డలో బసవయ్య తల్లి పోయింది. కర్మకాండలు అయ్యేదాకా వాడు రాడు. ఏసుపాదం తనే చేతులు పెట్టాడు. పెట్టె దించి, రెండు బేరింగులు మార్చి, షాఫ్టు వాలకుండా రేకులు పేర్చి, చిక్కటి నూనె పోసి మూత బిగించాడు. పళ్లచక్రాలు పరవాలేదనిపించింది. ఇంజను తిప్పించి టేకుకర్ర ఆనించాడు. దడదడలాడే ఇంజను తప్ప ఇంకేం లేదు. ఆయనకి ఎంత సంతోషమైందంటే, ముప్పై ఏళ్ల కుర్రాడిలా బండెక్కి కూర్చున్నాడు.

ట్రయలుకి పాండురంగయ్య తోలాడు. కొత్త డ్రైవరు, మంచీ మర్యాదా తెలిసినవాడు. మూడో గేరు వేశాడు. కూత తారస్థాయిలో అందుకుంది. పాండురంగయ్య మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ నవ్వుతున్నాడు.

"ఇంతేనంటారా మేస్త్రీగారూ?" అనడిగాడు పాపం, మెల్లగా.

"ఇంతే! ఇంకేం కావాలయ్యా?" అన్నాడు ఏసుపాదం.

అంతటి మనిషి ఇంతే అన్నాక కాదనడానికి తనెవడు? మిలిటరీ బండికి ఈ మాత్రం ఉంటుంది కాబోలనుకున్నాడు పాండురంగయ్య. సోమవారం బండి తీశాడు.

కంకిపాడు ఇంకో మైలు ఉందనగా గట్టు మీద వరిమోపుల బళ్లు వరసగా ఎదురొచ్చాయి. ముందు బండి వీరభద్రయ్యది. కూత వినగానే అతని ఎడ్లు బెదిరి పక్కకి లాగాయి. బండి మోపులతో సహా కాలవలోకి దొర్లింది. వీరభద్రయ్యని పైకి లాగారు, కాలు విరిగింది. ఒక ఎద్దు కాడి కింద చిక్కుకుని మునిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే మద్రాసు మెయిలు దిగిన కోటిలింగం, స్టేషనుకొచ్చిన పాండురంగయ్య నోట జరిగింది విని, ఇంటికి కూడా వెళ్లకుండా బండి తోలించుకుని షెడ్డుకొచ్చాడు.

"ఏమయ్యా ఏసుపాదం! ఇదేనా నువ్వు చేసిన పని? నీ మాట నమ్మి బండి తీయిస్తే మనిషి మంచాన పడ్డాడు, నోరులేని గొడ్డు చచ్చింది!"

ఎద్దు సంగతి గుండెకి తగలడానికి ఒక్క క్షణం పట్టింది. ముందు తగిలింది 'గారు' లేకపోవడమే. తర్వాత ఆ సంగతి తలుచుకుని ఏసుపాదం తనని తనే అసహ్యించుకున్నాడు. కానీ జరిగింది అది. షెడ్డులో నలుగురూ పని ఆపి చూస్తుంటే ఒళ్లు మండిపోయింది.

"కూత లేదు నా బండిలో. ఎడ్లు దేనికి బెదిరాయో ఏమో! నేనెక్కుతాను, తోలించండి. తేలిపోద్ది" అన్నాడు.

ఎక్కాడు. కృష్ణ వైపు దారిలో పాండురంగయ్య ఒకటి, రెండు, మూడు వేశాడు. ఏసుపాదం కళ్లు మూసుకుని విన్నాడు. ఇంజను దడదడ. అడుగున బల్ల చెక్కల కటకట. అంతే. చూశారా అందామని గెలిచినవాడిలా కళ్లు తెరిచాడు.

దారి పక్కన పాలచెంబు పట్టుకెళ్తున్న ఆడమనిషి రెండో చేత్తో చెవి మూసుకుని నిలబడి ఉంది. గుంజకి కట్టిన గేదె పలుపు తెంచుకునేలా గిరగిరా తిరుగుతోంది. బడి అరుగు మీద పిల్లలు రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని పళ్లికిలిస్తున్నారు. పాండురంగయ్య పళ్లు గిట్టకరిచి తోలుతున్నాడు. లోకమంతా ఏదో వింటోంది. ఏసుపాదం ఒక్కడే వినడం లేదు.

ఆయన "ఆపు" అన్నాడు.

"వినపడిందా ఇప్పుడు?" అన్నాడు కోటిలింగం.

అప్పుడు నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదో! చెప్పలేదు. "ఆఁ... విన్నానండి. కొత్త బేరింగు కుదురుకోలేదు. చక్రం కూడా అరిగినట్టుంది. బసవయ్య రాగానే విప్పి మారుస్తాను. తప్పు నాదే" అన్నాడు.

తప్పు ఒప్పుకునేసరికి కోటిలింగం మెత్తబడ్డాడు. "ఎంతటివాళ్లకైనా ఒకోసారి పొరపాటు జరుగుద్ది లెండి. వీరభద్రయ్య సంగతి నేను చూసుకుంటాను. మీరు మాత్రం జాగ్రత్తగా చెయ్యండి ఏసుపాదంగారూ" అన్నాడు. గారు తిరిగొచ్చింది. అబద్ధం ఆడితే వచ్చింది.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని భార్య అమలమ్మని అడిగాడు. "ఏమే, నీ గొంతెందుకు ఈమధ్య అంత పెద్దదైంది?"

అమలమ్మ గరిటె కింద పెట్టింది. "మామూలుగా పిలిస్తే మీరు పలకటంలా కదయ్యా. మూడేళ్లయింది. నా మీద ఏదో కోపం పెట్టుకున్నారనుకున్నాను మొదట్లో. ప్రార్థన చేసుకున్నాను కూడా. తర్వాత తర్వాత తెలిసింది. మీకు తెలిస్తే తట్టుకోలేరని ఊరుకున్నాను."

"పిచ్చుకలు రావటంలేదేంటే చూరులోకి?"

"వస్తానే ఉన్నాయయ్యా. ఇప్పుడు కూడా అరుస్తన్నాయి" అని ఆవిడ ఏడ్చేసింది.

అన్నం చల్లారిపోయింది. ఏసుపాదం బసవయ్యని తలుచుకున్నాడు. "రెండోదాంట్లోనంటారా మేస్త్రీగారూ?" "కింది షాఫ్టేనంటారా?" "వెనక చక్రం దగ్గరంటారా?" ఇన్నేళ్లూ ప్రతి బండి మీదా వాడు అడిగిన ప్రతి ప్రశ్నలోనూ జవాబు ఉంది. తను ఆఁ అన్నాడు. అని అని తనే విన్నాననుకున్నాడు. లారీ మలుపు తిరుగుతుంటే బల్ల మీద నుంచి చెప్పిన మాటలు కూడా, ముందుగా వాడు వచ్చి పక్కన నిలబడి అడిగినవే. తనకి చెవి ఎప్పుడు పోయింది? రేకులు బాదిన ఆ నాలుగేళ్లలోనా? దేవుడు కూడా ఆ సంగతి తనకి చెప్పలేదు. తలుచుకున్నకొద్దీ ఆయనకి బతుకంతా ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టనిపించి, కంచం ముందే తల పట్టుకుని కూర్చున్నాడు.

బసవయ్య గుండు చేయించుకుని వచ్చాడు. తల్లి గురించి రెండు మాటలు చెప్పి, జరిగింది విని పెట్టె దించాడు. కింది షాఫ్టు మీద మూడో చక్రం పళ్లు ఒక పక్కకి అరిగిపోయి ఉన్నాయి. "ఇది మార్చమంటారా మేస్త్రీగారూ?" అన్నాడు. "ఆఁ" అన్నాడు ఏసుపాదం, వాడి ముఖంలోకి చూడకుండా. కొత్త చక్రం ఎక్కించారు. ఇద్దరే ట్రయలుకి వెళ్లారు, బసవయ్య తోలుతుంటే.

మూడో గేరు పడగానే బసవయ్య ముఖం వెలిగింది. తల్లి పోయిన పన్నెండో రోజున ఆ మనిషి ముఖంలో పనివాడి నవ్వు వచ్చింది. అది చూసి ఏసుపాదానికి తెలిసిపోయింది, కూత పోయిందని. తన పక్కవాడి నవ్వు చూసి తెలుసుకోవలసి వచ్చింది.

"కూత పోయిందా బసవయ్యా?"

"పోయిందనే అంటారా మేస్త్రీగారూ?"

"నన్నడక్కురా. నువ్వు చెప్పు. ఉందా, పోయిందా?"

బసవయ్య రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. "మీ ముందు నేను చెప్పేదేముందండీ? మీరేదంటే అది."

ఏసుపాదానికి ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. ఈ ప్రేమే కదా తనని ఇంత గుడ్డిగా నడిపించింది! ఈ ఒక్కసారి వీడి నోట నిజం కక్కించాలనుకున్నాడు. "నాకింకా కూస్తున్నట్టే ఉందిరా" అన్నాడు, కాదండీ మేస్త్రీగారూ, పోయింది, అనే మాట కోసం కాచుకుని.

బసవయ్య నవ్వు ఆరిపోయింది. బండి వేగం తగ్గించాడు. తర్వాత, "అవునండి. కాస్త ఉందండి. మళ్లీ విప్పుదాం" అన్నాడు.

షెడ్డుకొచ్చారు. బసవయ్య బండి కింద దూరి, అప్పుడే పోసిన నూనె పళ్లెంలోకి వదిలేశాడు. ఒద్దురా అనడానికి ఏసుపాదం నోరు తెరిచాడు. నలుగురు పనివాళ్లూ అక్కడే ఉన్నారు. గుమ్మంలో పాండురంగయ్య ఉన్నాడు. ఎందుకొద్దో చెప్పాలంటే అంతా చెప్పాలి. బసవయ్య వైపు చూశాడు, వాడు తలెత్తలేదు. నోరు మూసుకుని బల్ల మీద కూర్చున్నాడు.

సాయంత్రానికి, ఏ లోపమూ లేని గేరుపెట్టె ముక్కలుముక్కలుగా గోనెపట్టా మీద ఉంది. అందరూ చుట్టూ మూగారు. బసవయ్య ఒక్కో చక్రాన్నీ కిరసనాయిలులో కడిగి, తుడిచి, మేస్త్రీ ముందు వరసగా పేర్చాడు.

"వీటిల్లో ఏదంటారు మేస్త్రీగారూ?"

అన్నీ బాగానే ఉన్నాయి. ఏసుపాదం చాలాసేపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగి చక్రాలు మసకబారాయి. చెయ్యి చాపి, ఆ పొద్దున ఎక్కించిన కొత్తదాన్నే చూపించాడు.

"అదేనండి" అని బసవయ్య దాన్ని తీసి పాతసామాను కుప్పలో పడేశాడు.