ఎడమ వైపు ఆట

వరుసగా మూడు మ్యాచ్‌లు ఓడేసరికి విటోల్డ్‌కి పక్కనున్న మనిషి మీదే అనుమానం పుట్టింది. సైలీసియా ప్రాంతంలోని ఆ బొగ్గుగనుల ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి ఒకప్పుడు విటోల్డ్ మిడ్‌ఫీల్డర్, ఇప్పుడు కోచ్. తను ఏ ఎత్తు వేసినా అవతలివాళ్లకి ముందే తెలిసిపోతోంది. ఆ ఎత్తులన్నీ ఎరిగినవాడు ఒకప్పటి తోటి ఆటగాడు, ఇప్పటి సహాయకుడు గెరార్డ్ ఒక్కడే. పైగా ఈమధ్య ఫోన్ మోగితే చాలు, వాడు బయటికెళ్లి మాట్లాడుతున్నాడు.

ఆదివారం విటోల్డ్ ఉచ్చు పన్నాడు. "ఈసారి దాడంతా కుడివైపు నుంచేరా," అని గెరార్డ్‌తో అబద్ధమాడాడు. ఎడమవైపు నుంచని ఆటగాళ్లకి మాత్రం చివరి నిమిషంలో చెప్పాడు.

అయినా ప్రత్యర్థులు ఎడమవైపే గోడ కట్టినట్టు నిలబడి గెలిచారు.

ఆట అయ్యాక సాసేజీల బండి దగ్గర అవతలి కోచ్ ఒసుఖ్ కనబడితే, విటోల్డ్ ఉండబట్టలేక అడిగేశాడు. "మీకు చెప్పిందెవరు?"

"ఒకరు చెప్పాలా? ఆడే రోజుల్లో ఎదుటి జట్టులో ఉండి నిన్ను కాచింది నేనే కదయ్యా! గుబులు పుడితే బంతి ఎడమకే కొట్టేవాడివి. ఇప్పుడు నీ కుర్రాళ్లచేతా అదే కొట్టిస్తున్నావు."

వెనకే నిలబడ్డ గెరార్డ్ అంతా విన్నాడు.

"మరి నాకు కుడివైపని ఎందుకు చెప్పావురా?"

విటోల్డ్ తలదించుకున్నాడు. గెరార్డ్‌కి అర్థమైపోయింది.

"పక్క ఊరి క్లబ్బువాళ్లు కోచ్‌గా రమ్మని ఫోన్లు చేస్తున్నారు. నిన్ను వదిలి రానని చెబుతూ వచ్చాను," అన్నాడు. "ఇక వస్తానని చెప్పేస్తాను."

వద్దనడానికి విటోల్డ్‌కి మొహం చెల్లలేదు.