ధర తగ్గేదాకా

మా ఆయన పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో కొనుగోళ్ళ గుమాస్తా. ఒక్క బోల్టు కొనాలన్నా మూడు కొటేషన్లు తెప్పించి, మూడింటినీ పక్కపక్కన పెట్టి, తక్కువదాని మీద టిక్కు కొట్టి, ఆ తక్కువ చెప్పినవాణ్ణే మళ్ళీ పిలిచి ఇంకాస్త తగ్గించమని ప్రాణం తీయడం ఆయన ఉద్యోగం. అక్కడ ఆయన్ని పేరుతో పిలిచేవాళ్ళు లేరు, అందరికీ ‘కొటేషన్ గారే’. ఆ ఉద్యోగాన్ని సాయంత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలేసి వచ్చే మనిషైతే నాకు గొడవే లేదు. మా పడగ్గదికి ఫ్యాను కొనడానికి రెండు ఎండాకాలాలు పట్టింది. చివరికి వానలు మొదలయ్యాక కొన్నాడు. ఫ్యాన్లు అప్పుడే కదా చవక!

చుట్టాల్లో ఈ ఫ్యాను కథ చెప్పి అందరినీ నవ్వించేదాన్ని. చెప్పేటప్పుడు నేనూ నవ్వేదాన్ని.

నేను ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. ఒక ఇంజనీరు గారి ఆఫీసులో పన్నెండేళ్ళు గీశాను. గీశానంటే మొత్తం ఇల్లు ఎప్పుడూ కాదు. ఒక ప్లానులో మెట్లు, ఇంకోదానిలో తలుపులు, మరోదానిలో స్నానాలగదులు. ఆఫీసులో నన్ను ‘బాత్‌రూముల మేడం’ అని ఏడిపించేవాళ్ళు. అద్దె భరించలేక ఇంజనీరు గారు ఆఫీసు ఎత్తేస్తున్నప్పుడు అందరినీ కూర్చోబెట్టి, ఇకమీదట ఎవరింట్లో వాళ్ళు పనిచేసుకుని పంపాలని చెప్పారు. తర్వాత నన్ను ఒక్కదాన్నే ఆగమన్నారు.

“రెండు నెలల్లో ఒక ఆసుపత్రి పని వస్తోందమ్మా. మూడంతస్తులు. మొత్తం నీకే ఇద్దామని ఉంది. ఏ తలుపు ఎటు తెరుచుకుంటే మనిషికి ఇబ్బంది లేదో నీకు తెలిసినంతగా మన ఆఫీసులో ఇంకెవరికీ తెలీదు. కాకపోతే అంతా త్రీడీలో కావాలంటున్నారు. దానికి తగ్గ కంప్యూటరు నువ్వే చూసుకోవాలి.”

ఆ రోజు ఇంటికి నడిచి వచ్చానో తేలుతూ వచ్చానో నాకే తెలియదు. నలభై మూడేళ్ళకి ఒక భవనం, పునాది దగ్గర్నుంచి నీళ్ళ ట్యాంకు దాకా, నా చేతికి రాబోతోంది.

ఆఫీసు మూసేస్తూ ఇంజనీరు గారు నా చేతిలో పెట్టింది డెబ్బై వేలు. వాళ్ళకి అక్కర్లేని మానిటరు కూడా ఒకటి ఇచ్చారు. మా వీధి చివర కంప్యూటర్ల కొట్టాయన్ని అడిగితే, నా పనికి సరిపోయేది అరవై ఐదు వేలకి మూడు రోజుల్లో బిగించి ఇస్తానన్నాడు. ఆ మాట తిన్నగా ఇంటికొచ్చి చెప్పాను. నోరు మూసుకుని కొనేసుకుని ఉండాల్సింది.

“వాడు బిగించింది కొంటావా?” అన్నాడు మా ఆయన, నేనేదో దొంగసొత్తు బేరమాడి వచ్చినట్టు. “లోపల ఏ చెత్త పెడతాడో నీకేం తెలుసు? భాగాలు విడివిడిగా మనమే ఏరుకోవాలి. అదే డబ్బుకి ఇంకా మంచిది వస్తుంది. నేనుండగా నీకెందుకు?”

“వాడికి వదిలెయ్ అమ్మాయ్,” అంది మా అత్తగారు కుర్చీలోంచి కదలకుండానే. “వాడి చేతిలో పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదు.”

నిజమే. ఎక్కడికీ పోలేదు.

ఒకటి మాత్రం దాచకుండా చెప్పుకోవాలి. ఆ వారంలో మూడు సాయంత్రాలు ఆయన నా పక్కన కూర్చుని నా పని గురించి అడిగాడు. ఒక్కో ఫైలు ఎంత పెద్దది, బొమ్మని తెర మీద తిప్పితే ఎంతసేపు ఆగిపోతుంది, ఒకేసారి ఎన్ని అంతస్తులు తెరిచి పెట్టుకోవాలి, అన్నీ కాగితం మీద రాసుకున్నాడు. పెళ్ళయిన పదిహేనేళ్ళలో నా పని గురించి ఆయన అడిగిన ప్రశ్నలన్నీ కలిపినా అన్ని ఉండవు. నేను కరిగిపోయాను. ఆన్‌లైన్లో కొనడానికి వీలుగా ఉంటుందని డబ్బంతా ఆయన ఖాతాలో వేశాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని వేయించలేదు.

ఏడు భాగాల జాబితా తయారైంది. ఏ భాగం ఏ రోజు అన్నిటికన్నా చవకో ఆ రోజే కొనాలన్నది ఆయన పద్ధతి. మొదట వచ్చింది డబ్బా. అంటే ఖాళీ క్యాబినెట్టు, ఒక పక్క అద్దంతో. లోపల ఏమీ లేని ఆ డబ్బా మా ముందుగదిలో మూడు వారాలు కూర్చుంది. అత్తగారు దానిమీద కళ్ళజోడూ మందులూ పెట్టుకోవడం మొదలుపెట్టింది. తర్వాత కరెంటు అందించే పెట్టె, తర్వాత మెమరీ, ఆ తర్వాత డిస్కు. ఏది వచ్చినా అట్టపెట్టె విప్పకముందే, అది నిన్న ఎంతుంది, ఇవాళ ఎంత, మనం ఎంతకి కొట్టాం అని అన్నం ముందు కూర్చుని వినిపించేవాడు. అత్తగారు మురిసిపోయేది. నేనూ తల ఊపేదాన్ని.

ప్రాసెసర్ దగ్గర మాత్రం ఒకటి అడిగాను. ఒకే రకంలో రెండున్నాయి, ఒకటి నాలుగు వేలు తక్కువ. ఎందుకు తక్కువని అడిగాను.

“బొమ్మని తెర మీదికి పంపే భాగం ఇందులో ఉండదు. మనం ఎలాగూ గ్రాఫిక్స్ కార్డు విడిగా కొంటున్నాం కదా, ఆ పని అది చేస్తుంది. ఒకే పనికి రెండుసార్లు డబ్బెందుకు తగలెయ్యడం?”

వినడానికి బాగానే ఉంది. నాలుగు వేలు మిగిలాయి. నెలన్నర తిరిగేసరికి ఆరు భాగాలు ఇంట్లో ఉన్నాయి, కార్డొక్కటే రావాలి. దాని ధర ఆయన మొదటిసారి చూసినప్పుడు పద్దెనిమిది వేలు. కొందామనుకునేసరికి ఇరవై రెండైంది. తగ్గుతుందిలే అన్నాడు. ఇరవై ఏడైంది. పొద్దున లేవగానే మొహం కడుక్కోకుండా ఫోనులో కార్డు ధర చూడడం, నిట్టూర్చడం, ఫ్యాక్టరీకి వెళ్ళడం, ఇదే వరస.

ఒక గురువారం ఇంజనీరు గారు ఫోన్ చేశారు. ఆసుపత్రి వాళ్ళు తొందరపెడుతున్నారట. మొదటి అంతస్తు ఒక్కటి త్రీడీలో చేసి సోమవారం సాయంత్రానికి పంపితే, అది వాళ్ళకి చూపించి పని మొత్తం నా పేర రాయిస్తానన్నారు. కొలతలన్నీ పంపారు. “మిషన్ వచ్చిందిగా అమ్మా?” అని అడిగారు. వచ్చిందండీ అన్నాను. ఏడింట ఆరు రావడం వచ్చినట్టేనని నా ధైర్యం.

శుక్రవారం ఫ్యాక్టరీ నుంచి రాగానే మా ఆయన బిగించడానికి కూర్చున్నాడు. చేతులు శుభ్రంగా కడుక్కుని, ఒక్కో మరనూ గిన్నెలో విడిగా పెట్టుకుని, ఎంత ఓపికగా చేశాడో! మీట నొక్కాడు. లోపల ఫ్యాన్లు తిరిగాయి, నీలం దీపాలు వెలిగాయి.

“చూశావా, మొదటి దెబ్బకే లేచింది!” అన్నాడు.

“తెర నల్లగా ఉందండీ.”

“కార్డు లేదుగా మరి. కార్డుంటేనే బొమ్మ వస్తుంది. లోపల మాత్రం అంతా బ్రహ్మాండంగా నడుస్తోంది.”

లోపల నడిచేది చూడడానికి నేనేం డాక్టర్నా? రేపు పొద్దున్నే వెళ్ళి కార్డు కొనుక్కురమ్మన్నాను. ఆయన నా వైపు వింతగా చూశాడు.

“ఇరవై ఏడుకా? పద్దెనిమిదికి అమ్మిన వస్తువు! తొమ్మిది వేలు ఎవడి మొహాన కొట్టాలి?”

“సోమవారం పని పంపాలి. పంపకపోతే ఆసుపత్రి పోతుంది. అది ఏడాది పని. తొమ్మిది వేలు ఒక లెక్కా?”

“నీకు లెక్క కాదు, నిజమే. నెలాఖరుకి తగ్గి తీరుతుంది, రాసిస్తాను. ఇంజనీరు గారికి రెండు వారాలు ఆగమని చెప్పు.”

“అవి నా డబ్బులండీ.”

ఆ మాటకి ఆయన మొహం చిన్నబోయింది. అత్తగారు అందుకుంది. “నీ డబ్బు, నా డబ్బు అనే మాటలు ఈ ఇంట్లో ఎప్పుడైనా విన్నామా అమ్మాయ్? రెండు నెలల నుంచి పిల్లాడు నీకోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటే...” నలభై ఎనిమిదేళ్ళ పిల్లాడు తల వంచుకుని కూర్చున్నాడు. నేను అరిచాను. ఏమేం అన్నానో రాయను. అన్నవాటిలో ఒక్కటి కూడా అబద్ధం కాదు.

శనివారం ఆయన ఏదో ఒక దారి కనుక్కొస్తానని బయటికి వెళ్ళాడు. గంటన్నర తర్వాత వచ్చి, “కుదర్లేదు” అన్నాడు. నా ఖాతాలో ఉన్నది కార్డులో పావు వంతుకి రాదు. ఆఫీసులో నా పక్క బల్ల అమ్మాయికి ఫోన్ చేసి ఆదివారం ఒక్కరోజు నీ కంప్యూటరు మీద చేసుకోనా అని అడిగాను. తనకీ సోమవారం గడువే ఉందక్కా అంది, నొచ్చుకుంటూ. ఇక ఊరికే కూర్చోలేక పెద్ద కాగితం పరిచి పెన్సిలు తీశాను. ఆదివారమంతా గీశాను. ఇరవై రెండు గదులు, వరండా, స్ట్రెచరు తిరగడానికి మలుపులో వదిలిన జాగా, అన్నీ కొలతలతో సహా. సోమవారం ఫొటోలు తీసి పంపాను.

ఇంజనీరు గారు వెంటనే ఫోన్ చేశారు. “చెయ్యి చూస్తే ముచ్చటేస్తోందమ్మా,” అన్నారు. “కానీ ఇది వాళ్ళకి చూపించలేను.” పక్క బల్ల అమ్మాయి తన ఫైలు మధ్యాహ్నమే పంపిందట. శనివారం ఆ అమ్మాయి చెప్పిన గడువు కూడా ఈ ఆసుపత్రి పనిదేనని నాకు అప్పుడు అర్థమైంది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. మా వీధి కొట్లోనే, మూడు రోజుల్లో బిగించినది కొనుక్కుంది.

పని పోయిందని ఆయనకి చెప్పినప్పుడు అన్నం తింటున్నాడు. “ఈ ఇంజనీరు కాకపోతే ఇంకో ఇంజనీరు,” అని ఇంకాస్త వడ్డించమన్నాడు.

పందొమ్మిది రోజులకి కార్డు ధర పదహారు వేలకి పడిపోయింది. ఆయన ఫ్యాక్టరీ నుంచి సెలవు పెట్టుకుని వచ్చి మరీ బిగించాడు. తెర మీద బొమ్మ వచ్చింది, రంగులు కళ్ళు చెదిరేలా ఉన్నాయి. అత్తగారు చప్పట్లు కొట్టింది. పక్కింటివాళ్ళని పిలిచి చూపించాడు. “ఆ రోజు ఈవిడ మాట విని ఉంటే పదకొండు వేలు గోవిందా,” అని వాళ్ళకి చెప్పి, కుర్చీ నా వైపు లాగాడు. “రా, కూర్చో. ఇక ఏం గీసుకుంటావో గీసుకో.”

కూర్చున్నాను. గీయడానికి ఏమీ లేదు. కాసేపు ఆ తెర చూసి లేచాను.

రెండు రోజుల తర్వాత ఒక వైరు కోసం వీధి చివర కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన పలకరించాడు.

“కార్డు దొరికిందా మేడం? ఆ శనివారం మీవారు వచ్చి సోమవారం మీకేదో పనుందన్నారు. నా దగ్గర పాత కార్డొకటి ఉంది, వారానికి ఎనిమిది వందలు అద్దె ఇచ్చి తీసుకెళ్ళమన్నాను.”

“ఆయనేమన్నారు?”

“అద్దెకి ఇంకో రెండు చోట్ల కూడా అడిగి వస్తానన్నారు. ఈ చుట్టుపక్కల కార్డులు అద్దెకిచ్చేది నేనొక్కణ్ణే మేడం. ఆ మాటే చెప్పాను. నవ్వి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు.”

ఎనిమిది వందలు నా పర్సులోనే ఉన్నాయి ఆ రోజు. ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పి ఉంటే పరుగెత్తి తెచ్చుకునేదాన్ని. చెప్పకుండా దాచాడని కూడా అనను. ఒక్కచోటే అడిగిన ధర ఆయన దృష్టిలో ధరే కాదు, అందుకని అది చెప్పాల్సిన సంగతిగా ఆయనకి తోచనే లేదు. అది తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండిపోయింది. మోసం చేసి ఉన్నా ఇంత బాధ ఉండేది కాదు.

ఇంటికి వెళ్ళి వైర్లు పీకేశాను. డబ్బాని రెండు చేతులా ఎత్తుకుని వీధి చివరిదాకా మోశాను. బుద్ధున్నవాళ్ళు చేసే పని కాదు, నాకు తెలుసు. కొట్టాయన లోపలంతా చూసి, ఇలా ఏరుకుని కొన్నది తన సర్వీసులో చూడలేదని మెచ్చుకుని, నొచ్చుకుంటూనే ముప్ఫై రెండు వేలు అన్నాడు. ఇవ్వమన్నాను.

సాయంత్రం ఆయన వచ్చాడు. ఖాళీ బల్ల చూశాడు, నన్ను చూశాడు. అమ్మేశానని చెప్పాను. ఎందుకని అడుగుతాడనుకుని రోజంతా మాటలు కూడబలుక్కున్నాను.

“ఎంతకిచ్చావు?” అన్నాడు.

చెప్పాను.

ఆయన మంచం అంచున కూలబడ్డాడు. “ముప్ఫై రెండా... ప్రాసెసర్ ఒక్కటే పదిహేడు కదే... ఎంత వెతికి, ఎన్ని రోజులు ఆగి...” అరచేతుల్లో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. అత్తగారు పరుగున వచ్చి వీపు నిమిరింది.

పదిహేనేళ్ళలో ఆయన ఏడవగా నేను చూడలేదు. కన్నీళ్ళున్న మనిషేనన్నమాట, ఏం పోతే వస్తాయో నాకే ఇన్నాళ్ళూ తెలియలేదు. జాలిపడదామని కాసేపు నిలబడి చూశాను. రాలేదు. వాళ్ళిద్దరినీ అక్కడే వదిలి వంటింట్లోకి వెళ్ళి, ఆయనకి వేడివేడిగా టీ పెట్టాను. నాకు పెట్టుకోలేదు.