ఓతార్ బాన

సిగ్నాగి ఊళ్లో కొండ అంచున ఉన్న ఇల్లు మాకు అమ్ముతూ మక్వాలా అవ్వ ఒక మెలిక పెట్టింది.

"నేలలో పూడ్చిన వైన్ బానలన్నీ మీవే. ఆ మూల బాన మాత్రం నాది. దాని జోలికొచ్చారో, ఊరుకోను!"

అది ఆమె కొడుకు ఓతార్ పుట్టిన ఏడు నింపి, మట్టితో మూసిన బాన. అతని పెళ్లినాడే తెరవాలి. ఓతార్‌కి జుట్టు నెరిసింది గానీ పెళ్లి ఊసే లేదు.

"ఈపాటికి పులిసిపోయుంటుంది అవ్వా," అన్నాను.

"నీ నోట్లో మన్నుపడ! నా కొడుక్కి పిల్ల దొరకదంటావా?"

మూత మట్టి బీటలు వారకుండా ప్రతి ఆదివారం వచ్చి నీళ్లు చిలకరించి వెళ్లేది. ఒక ఆదివారం, చూలాలైన నా భార్య ఇయా నడుం పట్టుకుని మెట్లు దిగడం చూసింది. మూల బాన వైపు ఓసారి చూసి వెళ్లిపోయింది.

మర్నాడు ఓతార్‌ని, పారని వెంటబెట్టుకొచ్చింది.

"తవ్వరా."

"పెళ్లి కుదిరిందా అవ్వా?"

"వీడి మొహానికి పెళ్లొకటి! రేపు మీకు బిడ్డ పుడితే వైన్ ఎందులో పోస్తారు? పుట్టిన పిల్లల పేర నింపే బాన ఈ ఇంట్లో ఇదొక్కటే."

ఓతార్ నవ్వుతూ మూత తీశాడు. వైన్ పులవలేదు. అందరం తాగాం. అవ్వ గిన్నె దించి కళ్లు తుడుచుకుంది.

"మట్టి తడపడానికి మాత్రం నేనే వస్తా. మీకు చేతకాదు."