పైకెక్కి చూసిన రోజు

కాఫీ మీద ఆవిరి తగ్గకముందే ఆయన ప్రార్థన ముగించి ఆమెన్ అన్నాడు. ఎదురుగా కూర్చున్న భార్య కళ్లు తెరిచి నవ్వింది.

"ఇరవై ఏళ్లుగా ఇదే ప్రార్థన. నాకే కంఠతా వచ్చేసింది, పాపం దేవుడికి రాకుండా ఉంటుందా?"

ఆమె సరదాకే అంది. ఆయనకు మాత్రం ఆ మాట గుచ్చుకుంది. సగం కాఫీ వదిలేసి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయలుదేరాడు.

లిఫ్టు మెకానిక్కుగా ఆయనకు అదే ఆఖరి రోజు. చూడాల్సింది ఒక్క ఏడంతస్తుల భవనమే మిగిలింది. నెలనెలా అక్కడికి వెళ్లి, లిఫ్టులో ఒకసారి పైకీ కిందికీ తిరిగి, కార్డు మీద 'అన్నీ చూశాను' అని రాసి సంతకం పెట్టేవాడు. అసలు చూడాల్సిన మోటారు, లిఫ్టును మోసే ఉక్కుతాళ్లు మేడమీద గదిలో ఉంటాయి. మిగతా భవనాల్లో మెట్లుంటాయి కానీ, అక్కడికి మాత్రం నిటారుగా ఇనుప నిచ్చెన. నాలుగేళ్ల కిందట ఒక నెల ఒంట్లో నలతగా ఉందని ఎక్కలేదు. మరుసటి నెల వాన. ఆ తర్వాత సాకుతో కూడా పని లేకపోయింది.

ఆదివారాలు చర్చిలో సంఘపెద్దగా ముందు వరుసలో కూర్చునేవాడు. అక్కడా అదే తీరు. ఒకప్పుడు వెక్కివెక్కి ప్రార్థించిన మనిషి, పాట సగంలో ఉండగానే గడియారం చూసుకునేవాడు.

ఆ రోజు కూడా కార్డు తీశాడు. 'అన్నీ' అని రాశాక చెయ్యి ఆగిపోయింది.

నిచ్చెన ఎక్కేసరికి ఆయాసం తన్నుకొచ్చింది. టార్చి వేసి చూశాడు. ఒక ఉక్కుతాడులో పోగులు తెగి ముళ్లలా లేచి ఉన్నాయి. పక్క తాడులోనూ అంతే. వెంటనే మెయిన్ స్విచ్చి ఆపేశాడు.

ఐదో అంతస్తులో చక్రాల కుర్చీలో తిరిగే ముసలావిడ రోజూ ఆ లిఫ్టులోనే కిందికి దిగేది. కనిపించినప్పుడల్లా అంతా నీ చేతి చలవ నాయనా అనేది. ఆయన ముందుగా ఆవిడ తలుపే తట్టాడు.

"అమ్మా, నాలుగేళ్లుగా చూడకుండానే చూశానని రాశాను. ఇవాళ పైకెక్కి చూస్తే తాళ్లు తెగిపోతున్నాయి. మీరు క్షేమంగా ఉన్నది నా చేతి చలవ కాదు."

"కోపమొస్తోంది నాయనా," అంది ఆవిడ. చక్రాల కుర్చీ పక్కకు జరిపి దారిస్తూ, "ఇవాళైనా ఎక్కావు కాబట్టి కోప్పడ్డానికి నేనున్నాను. కూర్చో, మంచినీళ్లు తాగు."

ఆఫీసులో పైఅధికారి నచ్చజెప్పబోయాడు. తాళ్లు మార్పిస్తే సరిపోయేదానికి, పోయే రోజున కాగితం మీద పెట్టడం ఎందుకన్నాడు. వీడ్కోలు సభలో చదవాల్సిన పొగడ్తలు ఆ అధికారి బల్ల మీదే ఉన్నాయి. మెకానిక్కు మాత్రం నాలుగేళ్ల సంగతీ దాచకుండా రాసిచ్చాడు. సభ జరగలేదు. బయటికొచ్చి నడుస్తుంటే ఆయనకు సిగ్గుగానే ఉంది. కానీ ఆ సిగ్గు అడుగున, ఎవరూ పడలేదు, ఎవరూ పడలేదు అంటూ ఏదో ఊట ఉబుకుతున్నట్టే ఉంది.

సాయంత్రం మళ్లీ ఆ భవనానికే వెళ్లి నిచ్చెన ఎక్కాడు. అలవాటైన మాటలేవీ నోటికి రాలేదు.

"కాపాడావు తండ్రీ," అన్నాడు.

చాలాసేపటికి దిగి, గది తాళంచెవి కాపలాదారుకి అప్పగించి ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున కొత్త తాళ్లు పట్టుకుని పైకొచ్చిన మరో మెకానిక్కుకు, మోటారు పక్కన దుమ్ములో పరిచి ఉన్న పాత న్యూస్‌పేపరు కనిపించింది. దాని మీద, మోకాళ్లు ఆనినచోట, రెండు గుంటలు.