వద్దనకపోతే సరే

జగ్గయ్యపేటలో దశరథరామయ్యగారి విత్తనాల హోల్‌సేల్ కొట్టు ఉంది. నందిగామలో దాని బ్రాంచి. రెండింటికీ కలిపి సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వచ్చిన ఫర్జానాకు అదే మొదటి పని. కొట్టువాళ్లు సాఫ్ట్‌వేర్ వద్దంటే నువ్వూ వద్దని ఆమె సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని క్రాంతికుమార్ ముందే చెప్పి పంపాడు.

మొదటి వారం ఒక్క లోడూ కదల్లేదు. బ్రాంచి చూసుకునే నాగసాయి దశరథరామయ్యగారి తమ్ముడి కొడుకు. అతను సరుకు అడిగితే, పెద్దాయన తన ఫోనులో 'సరే' నొక్కాలి. ఆయన నొక్కడు. ఫర్జానా కొట్లో ఓ పక్కన కూర్చుని చూస్తూ వచ్చింది. పెద్దాయన సరే అనగా అక్కడ ఎవరూ వినలేదు. ఎవరైనా ఏదైనా అడిగినప్పుడు పేపరులోంచి తల ఎత్తకుండా వక్కపొడి నములుతున్నాడంటే ఒప్పుకున్నట్టు లెక్క. వద్దనడానికే నోరు తెరుస్తాడు.

ఫర్జానా 'సరే' మీట తీసేసి 'వద్దు' ఒక్కటే ఉంచింది. గంటలోగా వద్దనకపోతే లోడు బయలుదేరుతుంది. 'ఒప్పుకున్నవారు' అన్నచోట పెద్దాయన పేరు పడుతుంది. లోడ్లు కదిలాయి. క్రాంతికుమార్ ఫోను చేసి మెచ్చుకున్నాడు.

ఆ ఏడు నందిగామ చుట్టుపక్కల రైతులు పత్తికే మొగ్గారు. నాగసాయి తెప్పించిన మిరప విత్తనాలు అలాగే ఉండిపోయాయి. పెద్దాయన అతన్ని జగ్గయ్యపేటకు పిలిపించి, ఇంత సరుకు ఎవరు పంపమన్నారని అడిగాడు. ఇలాంటప్పుడు తిట్లు తినడం నాగసాయికి అలవాటే. తల దించుకుని నిలబడ్డాడు. అడిగింది తననే అనుకుని గుమాస్తా కంప్యూటర్ చూసి పేరు చదివాడు. దశరథరామయ్య.

"నేనెప్పుడు సరే అన్నా?"

"మీరు వద్దనలేదండి," అంది కొట్లోనే ఉన్న ఫర్జానా.

"నా పేరు తీసేసి వీడి పేరు పెట్టమ్మాయ్."

"పెడతానండి. ఇక మిమ్మల్ని అడగడం ఉండదు. ఆయనే ఒప్పుకుంటారు, ఆయనే తెప్పించుకుంటారు."

"అడగడం నన్నే అడగాలి. పేరు వాడిది పడాలి. కుదరదా?"

కుదురుతుంది. టీ తాగేలోపు చేసెయ్యొచ్చు. కుదరదంటే సాఫ్ట్‌వేర్‌తో పాటు తననూ సాగనంపుతారని ఫర్జానాకు తెలుసు. నాగసాయి ఇంకా నేల చూపులు చూస్తున్నాడు.

"కుదరదండి," అంది.

తననెవరూ అడగని కొట్టు ఎలా ఉంటుందో ఊహించుకున్నట్టున్నాడు, పెద్దాయన గుమ్మం వైపు చూశాడు.

"అయితే నాదే ఉండనీ," అన్నాడు. తర్వాత నాగసాయితో, "ఆ మిరప విత్తనాలు రేపు వెనక్కి పంపించు. విత్తనాల కంపెనీ వాళ్లతో నేను మాట్లాడతా," అన్నాడు.

పెదనాన్న నోరు తెరిచి వద్దనకుండా ఇలా చెయ్యమనడం నాగసాయికి కొత్త.

"అంటే... పంపించమంటారా పెదనాన్నా?" అని అడిగాడు.